గన్ను మొదలవకముందే నోరు విప్పాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. టైర్లు మార్పించడానికో, పంక్చర్ వేయించడానికో, బాలెన్సింగ్‌కో షాపుకి వెళ్ళారు, పని అయింది, డబ్బులిచ్చారు, ఇంటికొచ్చి చూసుకుంటే చక్రం మీద అంతకు ముందు లేని గీత. అందుకని మైలేజీ, బ్యాటరీ, ఏసీ ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి తోసేసి ఈసారి మొత్తం చక్రాలకే ఇచ్చేశాను. రాసినవాళ్ళంతా చెన్నైలో ఉన్న మనవాళ్ళే కాబట్టి ఆ ఊరి సంగతులు అక్కడక్కడా దొర్లుతాయి, మిగతా ఊళ్ళవాళ్ళు విసుక్కోకండి, టైరు మిషన్ ఎక్కడైనా ఒకటే.

ప్రశ్న: సార్, నా కారు 45,000 కిలోమీటర్లు తిరిగింది, డైమండ్ కట్ అల్లాయ్ వీల్స్. పోయిన ఆదివారం ఓఎంఆర్ రోడ్డులో ఒక షాపులో నాలుగు టైర్లూ మార్పించాను. మధ్యలో ఆఫీసు ఫోను వస్తే బయట నిలబడి మాట్లాడుతున్నాను, ఏం చేశారో చూడలేదు. ఇంటికొచ్చి కడిగితే మూడు చక్రాల అంచుల మీద చెక్కుళ్ళు. అడిగితే "అవి పాతవే, మీరే ఎక్కడో ఫుట్‌పాత్‌కి రాసి ఉంటారు" అంటున్నారు. అంత గట్టిగా అంటుంటే నాకే అనుమానం వస్తోంది. తప్పు ఎవరిదో ఎలా తెలుస్తుంది? ఇక మీదట ఏం చేయాలి? – షోలింగనల్లూరు పాఠకుడు

జవాబు: మిమ్మల్ని మీరు అనుమానించుకునే ముందు ఆ దెబ్బల్ని నిదానంగా చూడండి. దెబ్బ ఎక్కడ ఉంది, ఎలా ఉంది అన్నదాన్ని బట్టి అది ఎవరి పనో చాలావరకు తెలిసిపోతుంది. ఫుట్‌పాత్ రాయికి చక్రం తిరుగుతూ రాసుకుంటుంది కాబట్టి దెబ్బ అంచు వెంబడే పొడుగ్గా, గరుకుగా సాగుతుంది, చాలాసార్లు అదే చోట టైరు పక్క గోడ కూడా గీసుకుపోయి ఉంటుంది. మీ పాత టైర్లు ఇంకా షాపులోనే పడి ఉంటే ఈ రోజే వెళ్ళి వాటి పక్క గోడలు చూడండి, నాలుగూ నున్నగా ఉంటే వాళ్ళ వాదన సగం పోయినట్టే. ఇంకొకటి, మనం రోడ్డుకి ఎడమ పక్కన నడిపేవాళ్ళం, ఎడమ పక్కనే బండి ఆపేవాళ్ళం, అందుకే ఫుట్‌పాత్ దెబ్బలు ఎక్కువగా ఎడమ చక్రాలకే తగులుతాయి. మీరు మూడు చక్రాలంటున్నారు కాబట్టి కనీసం ఒకటి కుడివైపుదే అయ్యుండాలి. మధ్యలో ఎప్పుడైనా చక్రాలు అటూ ఇటూ మార్పించి ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు.

మిషన్ దెబ్బల తీరు వేరు. అంచుకి అడ్డంగా, పొట్టిగా, లోతుగా ఒకేచోట చెక్కు లేచి ఉంటే అది టైరు ఊడదీసే ఇనప రాడ్డు పని. టైరు, రిమ్ము కలిసే చోట సన్నటి గీత గుండ్రంగా చాలా దూరం ఒకే తీరులో పోయి ఉంటే, మిషన్ తల రిమ్ముకి తగులుతూ తిరిగిందన్న మాట. సమాన దూరంలో నాలుగు నొక్కులు కనిపిస్తే అవి చక్రాన్ని బిగించి పట్టుకునే మిషన్ దవడలవి. మామూలుగా చక్రం ముఖం పైకి పెట్టి బిగిస్తారు కాబట్టి ఆ నొక్కులు లోపలివైపు అంచుకి పడతాయి, మీకు బయటివైపు కనిపిస్తున్నాయంటే చక్రాన్ని బోర్లా పెట్టి బిగించారని అర్థం. నట్టు గుంటల లోపల గుండ్రటి గాట్లు ఉంటే నట్లు తిప్పే గాలి గన్ను సాకెట్ రాసుకుంది. ముఖం మీద పైకి ఉబ్బి ఉండే భాగాలకి మాత్రమే అడ్డదిడ్డంగా గీతలు పడి ఉంటే, చక్రాన్ని సిమెంటు నేల మీద బోర్లించి లాగారు.

ఇవన్నీ ఎందుకు జరుగుతాయో తెలియాలంటే మిషన్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. ముందు వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదిలేస్తారు. మిషన్ పక్కన పార ఆకారంలో ఉండే ఇనప రెక్కతో టైరు అంచుని, అంటే బీడ్‌ని, రిమ్ము నుంచి విడగొడతారు. ఆ రెక్క రబ్బరు మీద కాకుండా రిమ్ము మీద దిగితే లోహం చెక్కుకుపోతుంది. మీ కారుకి టైరు ప్రెషర్ సెన్సర్లు ఉంటే అవి వాల్వు వెనకాలే లోపల కూర్చుని ఉంటాయి, వాల్వు దగ్గర ఈ రెక్క నొక్కితే సెన్సర్ విరుగుతుంది, కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి. తర్వాత చక్రాన్ని తిరిగే బల్ల మీద బిగించి, పైనుంచి డక్ హెడ్ అనే తలని దించి, రిమ్ముకి 2 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా లాక్ చేస్తారు, రాడ్డుతో బీడ్‌ని ఆ తల మీదికి ఎక్కించి బల్ల తిప్పితే టైరు ఊడి వస్తుంది. ఇందులో ఒడుపు ఒకటుంది. రిమ్ము మధ్యలో లోతుగా ఒక గాడి ఉంటుంది, ఒక పక్క బీడ్‌ని పైకి లాగుతున్నప్పుడు ఎదురు పక్క బీడ్ ఆ గాడిలోకి దిగి ఉండాలి, అప్పుడే లాగే పక్కన కాస్త వదులు దొరుకుతుంది. అది దించకుండా రాడ్డు మీద బలం పెట్టేవాడి చేతిలోనే రిమ్ములు చెక్కుకుపోతాయి, కొత్త టైర్ల బీడ్లు కూడా చిరుగుతాయి. మెకానిక్ ఒళ్ళంతా బరువు వేసి రాడ్డు తొక్కుతున్నాడంటే ఆపమని చెప్పడానికి మీరు మొహమాటపడాల్సిన పనిలేదు.

షాపుకి వెళ్ళగానే, జాకీ ఎత్తకముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. డక్ హెడ్‌కి ప్లాస్టిక్ తొడుగు ఉందా, ఉంటే అరిగిపోకుండా ఉందా చూపించమనండి. అది చవక వస్తువే, అరిగిపోతే మార్చుకోవాలి, చాలా షాపుల్లో ఊడిపోయాక మళ్ళీ పెట్టరు. దవడలకి కూడా ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి. రాడ్డు వాడితే కింద ప్లాస్టిక్ రక్షణ పెట్టి వాడమనండి. బీడ్‌కి రాసేది టైరు పేస్టు అయితే మంచిది, గ్రీజు, ఇంజన్ ఆయిలు మాత్రం వద్దు, అవి రబ్బరుని పాడుచేస్తాయి, పైగా బ్రేకు కొట్టినప్పుడు టైరు రిమ్ము మీద జారే ప్రమాదం ఉంది. మీ టైరు సైజులో మధ్య అంకె 45, 50 అని ఉంటే, అంటే పక్క గోడ పొట్టిగా ఉండే టైరైతే, లేదా గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ అయితే, అదనంగా సాయపడే చెయ్యి ఉన్న మిషన్ ఉన్న షాపుకే వెళ్ళండి. రాడ్డు అవసరం లేని మిషన్లు కూడా ఇప్పుడు పెద్ద షాపుల్లో ఉన్నాయి, అక్కడ కాస్త ఎక్కువ తీసుకుంటారు, డైమండ్ కట్ చక్రాలకి ఆ తేడా ఇవ్వొచ్చనే నా ఉద్దేశం.

ఎందుకంటే డైమండ్ కట్ గీత మామూలు గీత కాదు. ఆ చక్రానికి రంగు వేశాక లేత్ మీద పెట్టి ముఖం మీద పలచటి పొర తీసేస్తారు, మెరిసేది అచ్చమైన అల్యూమినియం, దాన్ని కాపాడేది పైన వేసిన క్లియర్ కోటింగ్ ఒక్కటే. ఆ పూత తెగితే తేమ, ఉప్పు గాలి కిందికి దూరి తెల్లటి దారాల్లాగా తుప్పు పాకుతూ పోతుంది, సముద్రం పక్కనున్న మీ షోలింగనల్లూరులో ఇంకా తొందరగా పాకుతుంది. మళ్ళీ లేత్ పట్టించి బాగుచేయొచ్చు కానీ పట్టించిన ప్రతిసారీ లోహం పోతుంది కాబట్టి ఎన్నిసార్లంటే అన్నిసార్లు కుదరదు. ప్రస్తుతానికి ఆ చెక్కుళ్ళని శుభ్రంగా కడిగి, బాగా ఆరనిచ్చి, టచప్ క్లియర్ లాకర్ (రంగులేని పూత) రాసి ఉంచండి, బాగుచేయించేదాకా తుప్పు ఆగుతుంది. రాసే ముందు ఫోటోలు తీయడం మరచిపోకండి. వాటర్ వాష్ వాళ్ళు చక్రాలకి కొట్టే యాసిడ్ నీళ్ళు మాత్రం వద్దనండి.

డబ్బు సంగతి. ఫోటోలు, బిల్లు కలిపి షాపుకి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా పంపండి, ఏ చక్రానికి ఏ దెబ్బో చెప్పి, బాగుచేయించి ఇమ్మని అడగండి. చాలామంది అరుపులకి దిగుతారు, అక్కడే చెడుతుంది. వాళ్ళు కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం జరిగిన రోజు నుంచి 2 ఏళ్ళలోపు ఫిర్యాదు చేయాలి, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. "వాహనాలకు మా బాధ్యత లేదు" అని గోడకి బోర్డు తగిలించి ఉందని వెనక్కి తగ్గకండి, వాళ్ళ నిర్లక్ష్యాన్ని ఆ బోర్డు కప్పేయలేదు. మీ కేసులో ఇబ్బంది ఏమిటంటే ముందు ఫోటోలు లేవు. ఇక మీదట షాపు గేటు దాటగానే నాలుగు చక్రాల్నీ మెకానిక్ చూస్తుండగానే ఫోనుతో దగ్గర నుంచి తీయండి. అతను చూస్తుండగా అన్నాను కదా, ఆ ఒక్క పనితోనే సగం జాగ్రత్త దానంతటదే వస్తుంది.

ప్రశ్న: నెల్లూరు వెళ్తుంటే సూళ్ళూరుపేట దాటాక మా కారు పంక్చరైంది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది, కానీ ఒక్క నట్టు కూడా కదల్లేదు. మా వారు పానా మీద ఎక్కి నిలబడ్డా లాభం లేకపోయింది. చివరికి లారీ డ్రైవరు ఒకాయన గొట్టం తగిలించి తీశాడు. అంతకు వారం ముందే షాపులో చక్రాలు తీసి పెట్టారు. అంత బిగించడం మంచిదేనా? – అంబత్తూరు పాఠకురాలు

జవాబు: అస్సలు మంచిది కాదండీ, నన్నడిగితే చక్రం మీద గీత కన్నా ఇది పెద్ద విషయం. గీత పడితే అందం పోతుంది, నట్టు పాడైతే చక్రమే పోతుంది.

ప్రతి కారుకీ చక్రం నట్టు ఎంత బిగించాలో ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. చాలా హ్యుందాయ్ కార్లకి 107 నుంచి 127 న్యూటన్ మీటర్లు (బిగింపు బలాన్ని కొలిచే లెక్క), హోండా సిటీకి 108, ఫోక్స్‌వాగన్ పోలోకి 120. అంటే 35 సెంటీమీటర్ల పానా చివర సుమారు 31 నుంచి 37 కిలోల బరువుతో నొక్కినంత, అంతే. మనిషి ఎక్కి నిలబడాల్సిన అవసరమే లేదు. షాపుల్లో టర్ టర్ మని కొట్టే గన్నులకి 500 న్యూటన్ మీటర్లు దాటే శక్తి ఉంటుంది, ట్రిగ్గర్ మీద వేలు ఇంకో రెండు క్షణాలు ఉంటే మీకు జరిగిందే జరుగుతుంది. అంత బిగిస్తే స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మర కడ్డీ, సాగుతుంది, మరలు తెగుతాయి, అల్లాయ్ చక్రంలో నట్టు కూర్చునే గుంట నలుగుతుంది. ఒక నట్టు ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే బ్రేకు డిస్కు మీద ఒత్తిడి సమంగా పడదు, కొన్నాళ్ళకి బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. అప్పుడు మనం డిస్కులు మార్పిస్తాం, అసలు కారణం ఎవరికీ గుర్తుండదు.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. నట్టుని ముందు చేత్తో పెట్టి చేత్తోనే కొన్ని చుట్లు తిప్పాలి, నేరుగా గన్నుతో ఎక్కిస్తే మర పక్కదారి పట్టి స్టడ్డు పోతుంది. తర్వాత పానాతో ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురు నట్లు కొద్దికొద్దిగా బిగించాలి. కారు కిందికి దించాక ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బిగించామో కొలిచి చెప్పే పానాతో. నట్లు విప్పడానికి గన్ను వాడితే నాకు పెద్ద అభ్యంతరం లేదు, బిగించడానికి వద్దు. "మా గన్నుకి సెట్టింగ్ ఉంది సార్" అంటారు, ఉంటుంది, కానీ గాలి ప్రెషర్‌ని బట్టి, సాకెట్‌ని బట్టి, పట్టుకున్నవాడి ఓపికని బట్టి అది మారుతుంది. మరలకి గ్రీజు పూయనివ్వకండి, గ్రీజు పూస్తే రెంచ్ అదే అంకె చూపించినా స్టడ్డు ఎక్కువ సాగుతుంది.

షాపు నుంచి బయల్దేరే ముందే డిక్కీలోంచి మీ పానా తీసి ఒక్కో చక్రానికి ఒక నట్టు మీరే వదులు చేసి చూడండి, తర్వాత వాళ్ళచేతే టార్క్ రెంచ్‌తో బిగించమనండి. మీ చేత్తో రాని నట్టు హైవే మీద అర్ధరాత్రి అసలు రాదు. చక్రాలు తీసి పెట్టిన తర్వాత 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగింపు చూసుకోవాలి, అల్లాయ్స్‌కి ఇది మరీ ముఖ్యం. ఇప్పుడు మీరు చేయాల్సింది, ఆ లారీ డ్రైవరు తీసిన చక్రం నట్లు, స్టడ్లు ఎవరైనా మంచి మెకానిక్‌కి చూపించడం, నట్టు చేత్తో సాఫీగా తిరగకపోతే స్టడ్డు మార్పించండి, మిగతా మూడు చక్రాల నట్లూ ఊడదీయించి సరిగ్గా బిగింపించండి.

ప్రశ్న: బాబూ, మాది పాత కారు, మామూలు స్టీలు చక్రాలు, పైన ప్లాస్టిక్ క్యాపులు. పంక్చర్ వేయించిన ప్రతిసారీ ఏదో ఒక క్యాపు వదులవుతుంది, ఒకటి పాండీ బజార్‌లోనే ఎక్కడో పడిపోయింది. స్టీలు చక్రాలకి కూడా ఈ జాగ్రత్తలన్నీ కావాలా? – టి.నగర్ నుంచి ఒక పెద్దావిడ

జవాబు: అన్నీ అక్కర్లేదమ్మా. స్టీలు చక్రం మొండిది, గీత పడితే కాస్త నల్ల పెయింటు రాస్తే చాలు, వంగితే కొట్టి సరిచేస్తారు. ఆ చక్రాలు చేసే వీల్స్ ఇండియా మీ ఊళ్ళోనే, పాడిలో ఉంది. నట్టు బిగింపు సంగతి మాత్రం స్టీలుకీ అల్లాయ్‌కీ ఒకటే, పైన ఆ అమ్మాయికి చెప్పింది మీరూ చదవండి. క్యాపు వెనక ఒక ఇనప కడ్డీ రింగు, చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి, స్క్రూడ్రైవర్ ఒకేచోట పెట్టి పెకలిస్తే క్లిప్పు విరుగుతుంది. చుట్టూ రెండు మూడు చోట్ల కొంచెం కొంచెంగా లేపాలి, మళ్ళీ పెట్టేటప్పుడు వాల్వు కోసం ఉన్న గంటు వాల్వుకి ఎదురుగా వచ్చేలా చూసి అరచేత్తో తట్టాలి. షాపువాళ్ళకి వదలకుండా మీరే తీసి కారులో వేసుకుని, చివర్లో మీరే పెట్టుకుంటే ఇంకా మంచిది. అల్లాయ్ చక్రం నడుమ కంపెనీ గుర్తు ఉండే చిన్న మూత ఉంటుంది చూడండి, దాన్నీ చాలావాటికి ముందు నుంచి పెకలించకూడదు, చక్రం ఊడదీశాక వెనక నుంచి వేలితో తోస్తే వచ్చేస్తుంది.

అన్నట్టు బాలెన్సింగ్ బరువుల గురించి ఇంకెవరో అడిగారు. సుత్తితో కొట్టి తగిలించే క్లిప్పు బరువులు స్టీలు చక్రాలకి సరే. అల్లాయ్స్‌కి లోపలివైపు అతికించే స్టిక్కరు బరువులే అడగండి, క్లిప్పు కింద పెయింటు తెగి అక్కణ్ణుంచే తుప్పు మొదలవుతుంది. పాత స్టిక్కర్లు ఇనప గీకుడుతో కాకుండా ప్లాస్టిక్ దానితో తీయించండి.

ప్రశ్న: అన్నా, నా బైక్ వెనక టైరు పంక్చరైతే రోడ్డు పక్క షాపులో రెండు ఇనప రాడ్లతో టైరు ఊడదీశారు. అల్లాయ్‌కి నల్ల పెయింటు లేచిపోయింది. అది పోనీ, అప్పటినుంచి ఏబీఎస్ లైటు ఆరడం లేదు. ఆ పనికీ దీనికీ సంబంధం ఉందా? – తాంబరం విద్యార్థి

జవాబు: ఉండే అవకాశం ఎక్కువ తమ్ముడూ. ఏబీఎస్ (బ్రేకు కొట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న బండి చక్రానికి డిస్కు పక్కన గంట్లు గంట్లుగా ఒక పలచటి రింగు ఉంటుంది, దాని ఎదురుగా సెన్సర్, రెండింటి మధ్య చాలా తక్కువ ఎడం. డిస్కు కిందికి వచ్చేలా చక్రాన్ని నేల మీద పడేసి పైన నిలబడి రాడ్డు వేస్తే ఆ రింగు వంగుతుంది, ఒక్కోసారి డిస్కే వంగుతుంది. లేదా చక్రం పెట్టేటప్పుడు సెన్సర్ వైరు నలిగి ఉంటుంది. బండి కదలగానే లైటు ఆరిపోవాలి, నీకు ఆరడం లేదు కాబట్టి నేరుగా సర్వీస్ సెంటరుకి వెళ్ళు. అప్పటిదాకా బ్రేకులు పనిచేస్తాయి కానీ ఏబీఎస్ ఉండదు, వానలో తాంబరం ఫ్లైఓవర్ మీద వేగం తగ్గించుకో. వెళ్ళినప్పుడు చైను రెండు పక్కలా గుర్తులు సమంగా ఉన్నాయా, వెనక ఇరుసు నట్టు సరిగ్గా బిగించారా, టైరు మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా కూడా చూపించు.

అసలు ట్యూబ్‌లెస్ టైరులో నడి భాగాన చిన్న మేకు దిగితే చక్రం విప్పాల్సిన పనే లేదు, బయట నుంచే రంధ్రంలోకి రబ్బరు స్ట్రిప్పు ఎక్కిస్తారు. పక్క గోడకి దిగితే మాత్రం ఆ టైరుకి రిపేరు వద్దు. విప్పక తప్పకపోతే డిస్కు పైకి ఉండేలా, కింద పాత టైరు వేసి దాని మీద పెట్టి చేయమను. రాడ్డు కింద పెట్టడానికి ప్లాస్టిక్ రిమ్ ప్రొటెక్టర్లు దొరుకుతాయి, రెండు కొని సీటు కింద పడేసుకో, జీపీ రోడ్డులో స్పేర్ల షాపుల్లో అడుగు. డిస్కు మీద గ్రీజు చేతులు పెట్టనివ్వకు. ముందు చక్రం ఊడి ఉన్నప్పుడు బ్రేకు లివరు సరదాకి కూడా నొక్కకు, ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి డిస్కు మళ్ళీ దూరదు.

ప్రశ్న: బీచ్‌కి దగ్గర్లో మా ఇల్లు, కారు వారానికోసారి తీస్తాం. టైరు రొటేషన్‌కి తీసుకెళ్తే నట్లన్నీ విప్పినా ఒక చక్రం ఊడలేదు. కుర్రాడు కారు కిందికి దూరి ఇనప సుత్తితో లోపలి అంచు మీద కొట్టాడు. చక్రం వచ్చింది, అంచు సొట్టపోయింది, ఇప్పుడు గాలి నెమ్మదిగా దిగుతోంది. – తిరువాన్మియూరు పాఠకుడు

జవాబు: మీ పేటలో ఇది మామూలే. చక్రాన్ని బిగించే ఇనప హబ్బు, అల్యూమినియం చక్రం, మధ్యలో ఉప్పు తేమ, మూడూ కలిస్తే తెల్లటి పొడిలా తుప్పు పట్టి రెండూ కరుచుకుపోతాయి. ఇనప సుత్తి తప్పు, జాకీ మీద ఉన్న కారు కిందికి మనిషి దూరడం ఇంకా పెద్ద తప్పు. నట్లు పూర్తిగా తీయకుండా ఒకటి రెండు చుట్లు వదులు చేసి, కారు కిందికి దించి, ఒక అడుగు ముందుకీ వెనక్కీ కదిపితే చాలాసార్లు ఊడుతుంది. అప్పటికీ రాకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు ఆగి, రబ్బరు సుత్తితో టైరు మీద కొట్టాలి, రిమ్ము మీద కాదు. ఊడాక హబ్బు ముఖాన్ని వైరు బ్రష్‌తో శుభ్రం చేయించి, నడుమ గుండ్రంగా ఉండే భాగానికి మాత్రం పలచగా యాంటీ సీజ్ (కరుచుకుపోకుండా పూసే పేస్టు) పూయించండి, స్టడ్లకి తగలకూడదు.

సొట్ట చిన్నదైతే ప్రెస్సు మీద సరిచేసేవాళ్ళు ఉన్నారు. ముందు పగులు ఉందేమో చూపించండి, పగులు ఉంటే వెల్డింగ్ చేసి ఇస్తామన్నా ఒప్పుకోకండి, ఆ చక్రం మార్చేయడమే. గాలి దిగేది సొట్ట దగ్గరో, తుప్పు పట్టిన బీడ్ దగ్గరో సబ్బు నీళ్ళు పోస్తే బుడగలే చెబుతాయి. బీడ్ దగ్గరైతే అక్కడ గ్రైండర్ పెట్టనివ్వకండి, చేత్తో రుద్ది శుభ్రం చేసి బీడ్ సీలర్ రాస్తే సరిపోతుంది.

ప్రశ్న: మీరు చెప్పేవన్నీ అడిగితే మెకానిక్‌కి కోపం రాదా? పైగా నాకు తమిళం అంతంత మాత్రం. – పెరుంగుడి పాఠకుడు

జవాబు: పని మధ్యలో అడిగితే వస్తుంది, ఎవరికైనా వస్తుంది. పని మొదలవకముందు, మర్యాదగా, ఒకటి రెండు మాటల్లో చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. "అన్నా, గన్ వేండామ్, కైయాల టైట్ పణ్ణుంగ" అంటే గన్ను వద్దు చేత్తో బిగించండి అని. "వీల్ కవుత్తు పోడాదీంగ" అంటే చక్రం బోర్లా పెట్టకండి అని. ఈ రెండూ చాలు, మిగతాది చేతి సైగలతో అయిపోతుంది. చాలా షాపుల్లో హిందీ మాట్లాడే కుర్రాళ్ళే ఉంటున్నారు కాబట్టి అదీ పనికొస్తుంది. ఎవరు చేస్తున్నారో చూసుకోండి, ఓనరుకి చెప్పి కూర్చుంటే సరిపోదు, రాడ్డు పట్టుకున్నవాడికి చెప్పాలి. శని, ఆదివారాల సాయంత్రాలూ, ఆయుధ పూజ ముందు వారమూ వెళ్ళకండి, వరస పెట్టి కార్లు నిలబడి ఉంటే ఎంత మంచివాడైనా గన్నే పట్టుకుంటాడు. మామూలు రోజు పొద్దున్నే షాపు తెరవగానే వెళ్తే టార్క్ రెంచ్ వెతికి తీయడానికి వాళ్ళకి తీరిక ఉంటుంది. అసలు టార్క్ రెంచే లేదన్న షాపులో గాలి పట్టించుకుని వచ్చేయండి.

మీ కారుకి లాకింగ్ నట్లు (ప్రత్యేకమైన కీతో మాత్రమే ఊడేవి) ఉంటే వాటి కీ మీరే చేతికివ్వండి, దాని మీద గన్ను పెడితే కీ పళ్ళు విరిగి నట్టు తీయడానికి ఇంకో రోజు పడుతుంది. పని అయ్యాక ఆ కీ తిరిగి తీసుకోండి, అది చాలాసార్లు షాపు సాకెట్లోనే ఇరుక్కుని ఉండిపోతుంది.